తుఫాను కాలానికి ముందే వలలు ఒడ్డెక్కాలి

తుఫాను హెచ్చరిక రాగానే అందరి ధ్యాసా పడవ మీదే ఉంటుంది. వలల సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. కానీ ఇసుక మీద వదిలేసిన వలను ఉప్పెన లాక్కెళితే పోయేది వల డబ్బు మాత్రమే కాదు. నైలాన్ అంత తేలిగ్గా కుళ్లదు. రాళ్లకు చిక్కుకుని ఏళ్ల తరబడి చేపల్ని, పీతల్ని, తాబేళ్లని పడుతూనే ఉంటుంది. అందులో చచ్చిన చేప కోసం వచ్చిన ఇంకో చేపా చిక్కుకుంటుంది. ఎవరికీ దక్కని ఈ వేటలో నష్టపోయేది మళ్లీ ఆ తీరంలో బతికేవాళ్లే.

అందుకే గాలులు మొదలవకముందే నీళ్లలో ఉన్న వలలు, పీతల బుట్టలు తీసేయండి. ఇంకొక్క రోజు ఉంచుదాం అనిపించడం సహజం. తర్వాత వాటి కోసం అలల్లోకి వెళ్లాల్సి వచ్చేది కూడా ఆ ఒక్క రోజు ఆశ వల్లే. తీసినవాటిని పోటు నీరు అందని ఎత్తులో గట్టిగా కట్టేయండి. తెగిన తాళ్లు, విరిగిన థర్మాకోల్ ముక్కలు సంచికెత్తండి. పాడైన వలను సముద్రంలో పారేయడం 1988 చివర్లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారం నిషేధం. ప్రతి వలకీ బోటు నంబరు కట్టి ఉంచితే, కొట్టుకుపోయినా దొరికినవాళ్లు తెచ్చి ఇవ్వగలరు. బుట్ట తలుపును నైలాన్‌తో కాకుండా నూలు దారంతో కట్టండి. బుట్ట పోయినా కొన్నాళ్లకు దారం కుళ్లి తలుపు తెరుచుకుంటుంది, లోపలి పీతలు బయటపడతాయి.

డీజిల్ డబ్బాలు, వాడేసిన ఇంజన్ ఆయిల్ ఒడ్డున ఉంచొద్దు. పడవలకు చోటు కోసం మడ చెట్లు నరకొద్దు. అలల జోరును తగ్గించేవి, చేపపిల్లలకు ఆశ్రయమిచ్చేవి అవే.

వలలో తాబేలు పడి కదలకుండా ఉంటే చచ్చిందని విసిరేయకండి. ఇది చాలామందికి తెలియదు, దయచేసి గుర్తుంచుకోండి. తాబేలు మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. నీటి కింద ఎక్కువసేపు చిక్కుకుంటే స్పృహ తప్పుతుంది. పొట్ట కిందికి ఉండేలా పడుకోబెట్టి, వెనుక భాగాన్ని కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తులో ఉంచితే ఊపిరితిత్తుల్లోని నీరు కారిపోతుంది. నీడలో ఉంచి, ముక్కు మూసుకుపోకుండా తడిగుడ్డ కప్పండి. కోలుకోవడానికి 4 గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి 24 గంటల దాకా ఆగాలి. కాళ్లు పట్టుకుని ఈడ్వొద్దు. కదిలాక ఇంజన్‌ను న్యూట్రల్‌లో పెట్టి, దగ్గర్లో వలలేవీ లేనిచోట మెల్లగా నీళ్లలోకి వదలండి.

తుఫాను తగ్గాక నీళ్లలో కొట్టుకొస్తున్న వల కనిపిస్తే దూకి లాగకండి, కాళ్లకు చుట్టుకుంటుంది. ఎక్కడ చూశారో గుర్తుపెట్టుకుని తోటి బోట్లవాళ్లకి, మత్స్యశాఖకి చెప్పండి. సముద్రం నెమ్మదించాక నలుగురు కలిసి వెళ్లి తీయొచ్చు.