చీలమండ, పాదం ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ: దరఖాస్తు విధానం

చీలమండ విరిగినా, కీలు అరిగి నడక కష్టమైనా, ఆపరేషన్ తప్పదని ఎముకల వైద్యుడు తేల్చినప్పుడు, ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలు రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద నగదు కట్టకుండా చికిత్స పొందవచ్చు. 2007 ఏప్రిల్ 1న ఈ పథకం తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో కుటుంబానికి ఏటా ఇచ్చే పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు.

దరఖాస్తును ఆన్‌లైన్‌లో, పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పంపేది ఆస్పత్రే. రోగి చేయవలసిందల్లా నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో గానీ, పథకంలో ఉన్న ప్రైవేటు ఆస్పత్రిలో గానీ ఆరోగ్యమిత్రను (పథకం తరఫున రోగులకు సాయపడే ఉద్యోగిని) కలిసి, ఆహార భద్రత కార్డు, ఆధార్, పాత చికిత్స కాగితాలు చూపి పేరు నమోదు చేయించుకోవడం. ఒక కార్డులో యాదమ్మ అనీ, మరో దానిలో యాదగిరమ్మ అనీ ఉంటే పని అక్కడే ఆగే ప్రమాదం ఉంది కనుక, అత్యవసరం కానివారు ముందుగానే సరిచేయించుకోవడం మేలు.

ఆపరేషన్‌కు ట్రస్టు ఇచ్చే అనుమతికి ప్రాణం రోగనిర్ధారణ కాగితాలే. కీలు అరుగుదల అనుమానం ఉన్నవారికి, కాలు మోపగలిగితే, నిలబడి ఉండగా ఎక్స్‌రే తీయించాలి. పడుకోబెట్టి తీసిన ఫిల్ములో ఖాళీ ఉన్నట్టే కనిపించే కీలు, ఒంటి బరువు పడగానే ఎముకకు ఎముక ఆనుకొని కనిపించవచ్చు. స్నాయువులు తెగాయన్న అనుమానం ఉంటే ఎంఆర్‌ఐ, ఎముక విరుపు కీలులోకి పాకితే సీటీ స్కాన్ అడుగుతారు. ప్లేటు, స్క్రూలతో బిగించడమా, అరిగిన కీలును కదలకుండా అతికించడమా అన్నది వైద్యుడు చీటీలో స్పష్టంగా రాయాలి. 'కాలు నొప్పి' అని మాత్రమే రాసిన చీటీతో అనుమతి కోరడం వృథా ప్రయాసే. షుగరు ఉన్నవారు ఆ పరీక్షల ఫలితాలు కూడా జతచేయాలి.

రోడ్డు ప్రమాదమైతే పోలీసు కేసు కాగితం వెంట ఉంచుకోవాలి. ఎముక చర్మం చీల్చుకొని బయటపడిన గాయానికి ఆలస్యం పనికిరాదు; అత్యవసర అనుమతిని ఆస్పత్రి ఫోనులోనే తీసుకోవచ్చు.

ఆస్పత్రిలో చేరాక డబ్బు అడిగితే కట్టే ముందే ఆరోగ్యమిత్రకు చెప్పాలి, లేదా 104కు ఫోను చేయాలి. సొంత డబ్బు కట్టేసినవారికి ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది గానీ, అది వేరే దరఖాస్తు; దానికి అసలు బిల్లులు కావాలి కనుక ఒక్క రసీదు కూడా పారేయకూడదు.