ఇంట్లో రైలు – 6వ పాఠం: జరిగేది పట్టా కాదు, బల్ల

బల్ల మీద బొమ్మ రైలు దారి కట్టే ఈ పాఠాల్లో ఈసారి పాయింట్లు (బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పట్టాలు) మొదలుపెట్టాలి. పెట్టడం లేదు. 5వ పాఠం చూసి పట్టాలు పరిచినవాళ్లలో చాలామందికి బండి సగం దారిలో ఆగిపోతోంది, లేదా జాయింటు దగ్గర పట్టాలు తప్పుతోంది. ఆ పాఠంలో సందుల గురించి ఉన్నది ఒక్కటే వాక్యం: "జాయింటు దగ్గర కొద్దిగా సందు వదలండి." ఎంత వదలాలో, ఎందుకు వదలాలో లేదు. పొరపాటు పాఠానిదే.

తలెత్తిన తంటాలు రెండు. చూడ్డానికి ఒకదానికొకటి ఎదురు. ముసురు రోజుల్లో పట్టాలు వేసినవాళ్లకి సంక్రాంతి దాటాక సందులన్నీ మూసుకుపోయి, పట్టా పక్కకి ఉబ్బి పాములా వంకర తిరిగింది. ఫిబ్రవరి, మార్చిల్లో వేసినవాళ్లకి వానలు పడ్డాక సందులు విచ్చుకున్నాయి, జాయినర్లు (రెండు పట్టాల కొసల్ని కలిపే చిన్న రేకు తొడుగులు) వదులయ్యాయి, బల్ల చివరి మూడడుగులకి కరెంటు చేరడం మానేసింది. మొదటివాళ్లు "ఎండకి పట్టా సాగింది" అనుకున్నారు. రెండోవాళ్లు "జాయినర్లు నాసిరకం" అనుకున్నారు. రెండూ కాదు.

పట్టా సాగుతుందన్న మాట మన బుర్రల్లో ఎందుకు నాటుకుందో తెలిసిందే. బళ్లో సైన్సు మాస్టారు చెప్పిన మొదటి ఉదాహరణ అదే. విజయనగరం జంక్షన్లో పట్టాలకి అది నిజమే. అక్కడ కింద ఉన్నది కంకర, నేల. అవి తేమకి పొడుగవవు. మన పట్టాల కింద ఉన్నది చెక్క.

లెక్క కట్టి చూడండి. నికెల్ సిల్వర్ పట్టా (పేరులో వెండి ఉన్నా లోపల ఉండేది రాగి, జింకు, నికెల్) ఒక మీటరుకి, 10 డిగ్రీల వేడికి, సుమారు 0.17 మిల్లీమీటరు సాగుతుంది. ఈ పాఠాల్లో మనం కడుతున్న బొబ్బిలి–సాలూరు దారి బల్ల పొడవు 240 సెంటీమీటర్లు. జనవరి తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ గదిలో తేడా 20 డిగ్రీలనుకుందాం. మొత్తం సాగుదల 0.8 మిల్లీమీటరు. అదే బల్ల తేమ ఆరిపోయి వెయ్యిలో ఒక్క వంతు కుదించుకుందనుకోండి, 2.4 మిల్లీమీటర్లు. మూడు రెట్లు! ప్లైవుడ్ అయితే సుమారు ఇంతటితో ఆగుతుంది. దుంగ కోసిన టేకు పలక, మామిడి పలక అయితే నారకి అడ్డంగా ఇంకా ఎక్కువ ఆడుతుంది. 2వ పాఠంలో "పాత తలుపు చెక్క వద్దు" అన్నది అందుకే.

ఇంకో చిక్కుంది. కళింగపట్నం, బారువ లాంటి ఒడ్డు ఊళ్లలో ఎండాకాలంలోనూ గాలిలో తేమ పెద్దగా దిగదు. సాలూరు, పార్వతీపురం వైపు దిగుతుంది. కాబట్టి ఒకే నెలలో, ఒకే ప్లైతో, ఒకే కొలతలతో చేసినా రెండిళ్లలో బల్లలు ఒకేలా నడుచుకోవు. మేడమీద శ్లాబు కింద గదిలో పెట్టిన బల్లది మరీ కష్టం. అక్కడ మార్చి నుంచి పట్టా సాగుతుంది, బల్ల ఎండుతుంది, రెండూ ఒకే వైపు పనిచేస్తాయి. కింద గది ఉంటే కిందే పెట్టండి.

ముందుగా చేయాల్సింది బల్లకి తేమ ఎక్కకుండా చూడటం. పట్టాలు వేసేశారు కాబట్టి పైభాగం ఇక కుదరదు. అడుగుభాగానికీ నాలుగు అంచులకీ ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేయండి. అంచులకి మూడు. ప్లై నీటిని ఎక్కువగా తాగేది అంచుల్లోంచే. "వాటర్‌ప్రూఫ్ ప్లై కొన్నాం కదా" అనకండి. దానర్థం తడిస్తే పొరలు ఊడవని, తేమకి కదలదని కాదు. పెయింటు కదలికని ఆపదు, నెమ్మదింపజేస్తుంది. అది చాలు.

ఇక సందు. కొలవడానికి రెండు కార్డులు చాలు. గడువు తీరిన ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటరు. మామూలు విజిటింగ్ కార్డు దాంట్లో సగం కన్నా తక్కువ. ముసురు పట్టిన వారంలో పట్టా వేస్తుంటే ఏటీఎం కార్డు సందు వదలండి, బల్ల ఇక కుదించుకునేదే కాబట్టి. పొడి రోజుల్లో వేస్తుంటే విజిటింగ్ కార్డు చాలు, బల్ల ఎలాగూ పెరిగి సందుని తనే పెంచుతుంది. అక్టోబరులో తుఫాను కబురు ఉన్న వారం అసలు పట్టాల పని పెట్టుకోవద్దు. సందు ఒక మిల్లీమీటరు దాటితే హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు కొలత) చక్రం టక్కుమని దిగుతుంది. తిన్నటి దారిలో చప్పుడుతో పోతుంది, వంపులో పట్టా తప్పుతుంది.

పక్కకి ఉబ్బిన పట్టాని మేకులు కొట్టి బిగించకండి. ఉబ్బిన చోటికి దగ్గరి జాయింటు విప్పి, రెండు పట్టాల కొసలూ ఆకురాయితో చెరో అర మిల్లీమీటరు అరగదీసి, జాయినర్ మళ్లీ తొడగండి. మేకు లోతుగా దిగిందంటే స్లీపరు (పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ దిమ్మ) మధ్యలో కుంగుతుంది, పట్టాలు రెండూ లోపలికి వాలతాయి, 16.5 మిల్లీమీటర్లు ఉండాల్సిన గేజి (రెండు పట్టాల మధ్య దూరం) 16కి వచ్చేస్తుంది. చాలామంది "బోగీ చెడిపోయింది" అంటున్నది ఈ మేకు పనే. కాలిపర్‌తో ఒకసారి చూసుకోండి. (మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లని 87తో భాగిస్తే 19.26 రావాలి కదా అని అడిగేవాళ్లకి: అవును, రావాలి. దొరికే పట్టా 16.5 కాబట్టి మన బల్ల మీద నడిచే రైలుబస్సు కాస్త ఇరుకు కాళ్ల మీద నిలబడుతుంది. దాని గురించి బాధపడే ఓపిక ఉంటే పట్టాలు చేత్తో కట్టుకోవచ్చు.)

ఇప్పుడు అసలు మందు. బల్ల కదలడం మానదు, కాబట్టి సందులు ఉండాల్సిందే. సందులు ఉంటే జాయినర్ వదులవుతుంది. వదులైన జాయినర్‌ని నమ్ముకుని కరెంటు పంపకూడదు. జాయినర్ పని పట్టాల కొసల్ని వరసలో పట్టుకోవడం. కరెంటు మోయడం దాని పని కాదు. 91 సెంటీమీటర్ల ప్రతి పట్టాముక్కకీ దాని సొంత వైరు ఉండాలి. చేతిలో ఎంత చిన్న ముక్క ఉన్నా సరే, దానికీ ఒక జత.

దీనికి బదులు కొందరు జాయింట్లన్నిటికీ టంకం పెట్టేశారు. బండి మర్నాడే బ్రహ్మాండంగా నడిచింది. మూడు నెలలకి పట్టా మొత్తం ఒకే ముక్కై, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పైకి లేచింది. టంకం పెట్టాల్సిన జాయింటు ఒక్కటే: వంపులో పడేది. ఫ్లెక్స్ (చేత్తో వంచగలిగే) పట్టాముక్కలు రెండిటిని తిన్నగా ఉన్నప్పుడే కలిపి టంకం పెట్టి, ఆ తర్వాత వంచాలి. వంచాక కలిపితే జాయింటు దగ్గర మోచెయ్యిలా మడత పడుతుంది. లోపలి పట్టా కొస బయటికి పొడుచుకొస్తుంది, దాన్ని కోసేయండి. తిన్నటి దారిలో ఏ జాయింటుకీ టంకం వద్దు. పాయింట్లకీ వద్దు, రేపు ఊడదీయాల్సి వస్తుంది.

సరుకు: బల్ల కింద పొడవునా పోయే బస్సు వైరుకి ఇళ్లలో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఎరుపూ నలుపూ మూడేసి మీటర్లు. పట్టా నుంచి కిందకి దిగే ఫీడరుకి 0.5 మిల్లీమీటరు లావు ఒంటి తీగ వైరు, ఒక్కోటి 15 సెంటీమీటర్లు. నెట్‌వర్క్ కేబుల్ ముక్క దొరికితే దాన్ని విప్పండి, లోపల ఎనిమిది తీగలుంటాయి. ఫీడరు సన్నగా ఉన్నా పొట్టిగా ఉంటే పర్వాలేదు. బస్సు మాత్రం సన్నంగా ఉండకూడదు.

పట్టా బయటి వైపు, స్లీపర్ల మధ్య 2 మిల్లీమీటర్ల బొక్క వేయండి. పట్టా పక్కభాగాన్ని సన్నటి ఆకురాయితో మెరిసేదాకా గీకండి. ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి పట్టా మీద సన్నటి పొర త్వరగా కడుతుంది, కాబట్టి గీకిన రోజే టంకం పెట్టాలి. వైరు కొస 5 మిల్లీమీటర్లు ఒలిచి ఎల్ ఆకారంలో మడిచి, దానికీ పట్టాకీ విడివిడిగా టంకం పూసి, తర్వాత రెండూ ఆనించి వేడి తగిలించండి. రెండు మూడు సెకన్లలో కరిగి కలిసిపోవాలి.

స్లీపర్లు కరిగిపోయాయంటే వేడి ఎక్కువైందని కాదు, వేడి సరిపోలేదని. సన్నమొన ఉన్న చిన్న టంకం ఐరన్‌తో పది సెకన్లు పట్టుకుంటే పట్టా మొత్తం వేడెక్కి స్లీపర్లు మెత్తబడతాయి. 40 వాట్ల ఐరన్‌కి పలక మొన పెట్టుకుని గబుక్కున ముగించండి. అటూ ఇటూ తడిపిన దూదిముక్క పెట్టుకోండి.

టంకం అంటుకోవడానికి పూసే పేస్టు గురించి ఒక మాట. డబ్బా మీద రోజిన్ అని ఉన్నదే తీసుకోండి. పైపుల పనికి వాడే యాసిడ్ రకం పట్టుకున్నంత బాగా ఇంకేదీ పట్టుకోదు. కానీ మిగిలిన మరక గాలిలో తేమ తాగి, తీగని పచ్చగా తినేస్తుంది. టంకం చల్లారాక ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి.

బల్ల కింద కలపడంలో ఒకే నియమం: గోడ వైపు పట్టా ఎరుపు, మీ వైపు పట్టా నలుపు. ఒక్కో జత కలపగానే మల్టీమీటరు బీప్ మీద పెట్టి రెండు బస్సు వైర్ల మధ్య చూడండి. పట్టాల మీద ఇంజనూ, లైట్లున్న బోగీలూ లేకుండా చూసుకుని. కూత వస్తే ఇప్పుడే కలిపిన జత తిరగబడింది. అన్నీ కలిపేశాక చివర్లో చూద్దామనుకుంటే పద్నాలుగు వైర్లలో ఏది తప్పో వెతకడానికి ఒక ఆదివారం పోతుంది.

కూత రాకపోతే జతలు తిరగబడలేదనే తెలుస్తుంది, అతుకులు గట్టిగా ఉన్నాయని కాదు. అతుకుల్ని బీప్‌తో చూసినా లాభం లేదు. మీటరు బీప్‌కి కావలసిన కరెంటు చాలా తక్కువ, వెంట్రుకంత తగిలినా కూస్తుంది. కరెంటు బాగా లాగేది పెట్టి చూడాలి. మోటారుసైకిల్ మెకానిక్ దగ్గర 12 వోల్టుల 10 వాట్ల ఇండికేటర్ బల్బు కొని, రెండు వైర్లు తగిలించి, బల్ల చిట్టచివర పట్టాల మీద ఆనించండి. అది సుమారు 0.8 ఆంపియర్ లాగుతుంది. కంట్రోలర్ పూర్తిగా తిప్పి, కంట్రోలర్ దగ్గరా బల్బు దగ్గరా వోల్టులు కొలవండి. తేడా అర వోల్టు లోపు ఉండాలి. కిట్‌తో వచ్చిన చిన్న కంట్రోలర్ అంత ఇవ్వలేకపోతే 5 వాట్ల బల్బు వాడి పావు వోల్టు లోపు చూడండి. డిజిటల్ కంట్రోల్ పెట్టుకున్నవాళ్లు ఐదు రూపాయల బిళ్లని ప్రతి పట్టాముక్క మీదా అడ్డంగా పెట్టాలి. పెట్టిన ప్రతిచోటా బూస్టరు (పట్టాలకి కరెంటు పంపే పెట్టె) వెంటనే ఆగాలి. ఆగని చోట ఫీడరు లేదని, లేదా సరిగా అతకలేదని అర్థం, అక్కడ షార్టయితే ఇంజన్ డికోడరు (ఇంజన్ లోపల ఆదేశాలు అందుకునే చిప్పు) కాలిపోవచ్చు.

అభ్యాసం: పనికిరాని పట్టాముక్క మీద ఇరవై ఫీడర్లు టంకం పెట్టండి. చల్లారాక ఒక్కోదానికి అరకిలో పంచదార ప్యాకెట్టు వేలాడదీయండి. ఇరవైలో రెండుకి మించి ఊడితే మళ్లీ ఇరవై. ఆ తర్వాత ఆ మెకానిక్ దగ్గరే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) కూడా కొని, మీ బల్ల మీద ఒకే జాయింటు ఎంచుకుని, ఆరు వారాలు రోజూ పొద్దున్న ఒకే వేళకి సందు ఎంతుందో, ఆ రోజు ఎండో ముసురో ఒక నోట్‌బుక్కులో రాయండి. 7వ పాఠంలో పాయింట్ల చుట్టూ ఎంత సందు వదలాలో చెప్పేటప్పుడు కావలసినది ఆ నోట్‌బుక్కే.