వేసవిలో పెళ్లి పెట్టుకున్నారా? ముఖానికి ఏం రాస్తున్నారో ఒకసారి చూసుకోండి

"బాబాయ్ గారూ, తొందరగా తెల్లబడేది ఏదైనా ఉంటే ఇవ్వండి."

"పెళ్లెప్పుడమ్మా?"

"ఇరవై రోజులుందండీ."

ఉగాది దాటిందంటే మా మందుల షాపులో ఈ మాటలు వినని రోజుండదు. కోనసీమలో అంబాజీపేటకి దగ్గర్లో మాది చిన్న ఊరు. వైశాఖం, జ్యేష్ఠం వచ్చాయంటే ఇక్కడ ఎండలూ పెళ్లిళ్లూ కలిసే వస్తాయి. దాళ్వా (రెండో పంట వరి) కోతలై చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. కాలువలు కట్టేస్తారు. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేం. చెమట ఆరదు. చర్మానికి ఇంతకన్నా గడ్డుకాలం ఉండదు. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురి ముఖం మీద, ఈమధ్య పెళ్లికొడుకుల ముఖాల మీద కూడా, లేనిపోని ప్రయోగాలన్నీ మొదలవుతాయి. నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. అయినా పాతికేళ్లుగా కౌంటరు ఇవతల నిలబడి చూసినవి కొన్ని ఉన్నాయి, చెబుతాను.

ముందు ఒక లెక్క. చర్మం పైపొర అడుగున కొత్త కణం పుట్టి, పైకి వచ్చి, రాలిపోవడానికి దాదాపు 28 రోజులు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. మొటిమలకి డాక్టరు రాసిచ్చిన మంచి మందు కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలకి గానీ ఫలితం చూపించదు. అలాంటప్పుడు వారం పదిరోజుల్లో ముఖం తెల్లగా, నున్నగా అయిపోయిందంటే సంతోషించాల్సిన పని లేదు. ఆ ట్యూబులో ఏముందో అనుమానించాలి. ఎక్కువసార్లు అది స్టెరాయిడ్. ఒక్కోసారి పాదరసం.

స్టెరాయిడ్ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అమ్మాను. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ లాంటి పేర్లుంటాయి. ఎగ్జిమా లాంటి దురద జబ్బులకి అవి మంచి మందులే, డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పిన చోట రాస్తే. ముఖానికి రాస్తే రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఎర్రదనం, వాపు తగ్గుతాయి, రంగు తేలుతుంది. పెళ్లిలో ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. తర్వాత ఆపగానే ముఖం మంట, ఎరుపు, గుంపులు గుంపులుగా మొటిమలు. భయపడి మళ్లీ రాస్తారు, తగ్గుతుంది. ఇక వదలదు. కొన్ని నెలలకి చర్మం పల్చబడి సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తాయి, కొందరికి చెంపల మీద వెంట్రుకలు కూడా వస్తాయి. మా ఊరి కోడలు ఒకామె రెండేళ్లు వాడింది. పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నాను బాబాయ్ అంటూ వచ్చినప్పుడు ఆ మొహం చూసి నాకు నోట మాట రాలేదు. ఆ ట్యూబుల్లో మొదటిది ఇచ్చింది నా చేత్తోనే.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. అయినా అడిగేవాళ్లు తగ్గలేదు, ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. '-సోన్', '-సోల్' అని తోక ఉన్న పేరు కనిపిస్తే పక్కన పెట్టి చీటీ రాసిందెవరో గుర్తు చేసుకోండి. పక్కింటి అక్క రాస్తే అది చీటీ కాదు. తోక ఉన్నవన్నీ స్టెరాయిడ్లు కావు, సందేహం ఉంటే షాపులో అడగండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు పెళ్లి ముందు ఒక్కసారిగా ఆపేయొద్దు, ముఖం భగ్గుమంటుంది. చర్మం డాక్టరు మెల్లగా మాన్పిస్తారు. పెళ్లికొడుకులకి ఇంకో మాట: వేసవి చెమటకి తొడల మధ్య వచ్చే తామరకి నాలుగు మందులు కలిపిన క్రీము రాస్తుంటారు. అందులోనూ స్టెరాయిడ్ ఉంటుంది. దురద వెంటనే తగ్గుతుంది, లోపల తామర మాత్రం పాకుతూనే ఉంటుంది.

పాదరసం ఇంకా ప్రమాదం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి అది అడ్డుపడుతుంది, రంగు తగ్గుతుంది. చర్మంలోంచి లోపలికి ఇంకి కిడ్నీల మీద పడుతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరు ఫెయిర్‌నెస్ క్రీములు వాడుతున్నవాళ్లేనని డాక్టర్లు బయటపెట్టారు. లేబుల్ మీద తయారీదారు అడ్రసు లేనివి, పరాయి భాషలో అక్షరాలున్నవి, 'బ్యూటీ క్రీము' అంటూ చుట్టాలు గల్ఫు నుంచి తెచ్చిచ్చినవి అస్సలు ముట్టుకోవద్దు. ఒక గుర్తు చెబుతాను. "బంగారం, వెండి నగలకి తగలనివ్వకండి" అని డబ్బా మీద రాసి ఉంటే అక్కడే పారేయండి. పాదరసం బంగారాన్ని పట్టేస్తుంది, అందుకే ఆ హెచ్చరిక. నగ పాడవుతుందని చెప్పినవాడు కిడ్నీ సంగతి చెప్పలేదన్నమాట.

తెల్లబడటానికని సెలైన్‌లో కలిపి ఎక్కించే గ్లూటాథయోన్ అనే మందు గురించి కూడా అడుగుతున్నారు. అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ చర్మం తెల్లబరిచే ఇంజెక్షన్ ఒక్కదానికీ ఆమోదం ఇవ్వలేదు. నా షాపులో అడిగితే నేను చెప్పేది 'లేదు' అనే.

అసలు ఎంత తెల్లబడగలం? మోచెయ్యి పైన, చంక వైపు లోపలి చర్మం చూసుకోండి. ఎండ తగలని ఆ రంగే మీ రంగు. ముఖం అక్కడిదాకా రావచ్చు, దాన్ని దాటి పోదు. నల్లటివాళ్లకీ తెల్లటివాళ్లకీ రంగు తయారుచేసే కణాల సంఖ్య దాదాపు ఒకటే, అవి చేసే మెలనిన్‌లోనే తేడా. 1975లో మన దేశంలో మొదలైన ఒక క్రీము 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది. పేరు మారింది గానీ షాపులో అడిగే మాట మాత్రం పాతదే.

ఇక వంటింటి వైద్యం. ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది.

నిమ్మకాయని ముఖం జోలికి రానివ్వకండి. విటమిన్ సి ఉంది కదా అంటారు. 100 గ్రాముల రసంలో 30 నుంచి 50 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే అర శాతంలో పదో వంతు కూడా కష్టం. మంచి విటమిన్ సి సీరంలో 10 నుంచి 20 శాతం ఉంటుంది. మిగిలిన పులుపంతా చర్మాన్ని మండించేదే. పైగా నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే పదార్థాలుంటాయి. రసం రాసుకుని ఎండలోకి వెళితే ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి, బొబ్బలెక్కి, తర్వాత నల్ల మచ్చలు పడి నెలల తరబడి ఉండిపోతాయి. పెళ్లివారికి షర్బత్ కలిపే చేతులకి కూడా ఇది వర్తిస్తుంది, కలిపాక కడుక్కుని ఎండలోకి వెళ్లండి.

సబ్బు సంగతి తేల్చుకోవడానికి మీ ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. తెల్లగుడ్డ మీద పసుపు నీళ్లు చల్లి ఆరనివ్వండి. తడి చేసిన సబ్బు దాని మీద రుద్దండి. చీర మీద పడ్డ పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడటం మీకు తెలిసిందే. క్షారం తగిలితే పసుపు అలా ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అంత ఎర్రగా వచ్చేది కూడా ఇందుకే. మామూలు ఒంటి సబ్బు పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే లెక్క, 7 దాటితే క్షారం) 9, 10 ఉంటుంది, చర్మానిది 5 చుట్టుపక్కల. మొహానికి వాడేది పసుపుని ఎర్రబరచనిదైతే మంచిది. ఉప్పు బోరు నీళ్లున్న అల్లవరం, సఖినేటిపల్లి వైపువాళ్లకి ఇది మరీ ముఖ్యం, ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, జిడ్డు తెట్టులా చర్మం మీద మిగిలిపోతుంది. స్నానం చివర్లో ముఖానికైనా రెండు చెంబులు మంచినీళ్లు పోసుకుని, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి.

నలుగు పెట్టడం ఆనవాయితీ, మానమని నేననను. సున్నిపిండి మెత్తగా పట్టించి, మెల్లగా రుద్దండి. పెద్దవాళ్ల ఉత్సాహంలో చెంపలు గీరుకుపోయిన పెళ్లికూతుళ్లని చూశాను. మొటిమలున్న చోట రుద్దొద్దు. కొబ్బరినూనె ఒంటికి, కాళ్లకి చాలా మంచిది, తేమని పట్టి ఉంచుతుంది. కొబ్బరి ఊళ్లో ఈ మాట అనడానికి భయంగా ఉంది గానీ, మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి. ఎండకి సన్‌స్క్రీన్ బదులూ కాదు.

సన్‌స్క్రీన్ అనేసరికి ట్యూబు మీద ఉండే ఎస్పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే శక్తి) నంబరు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుంటారు. 15 ఉన్నది ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలని దాదాపు 93 శాతం ఆపుతుంది, 30 ఉన్నది 97, 50 ఉన్నది 98. కాబట్టి 30 చాలు, దాంతోపాటు ఎండలోనే ఉండే ఇంకో రకం కిరణాలు యూవీఏ కోసం ట్యూబు మీద 'పీఏ' అనే అక్షరాల పక్కన మూడు ప్లస్ గుర్తులు చూడండి. అసలు తప్పు నంబరులో లేదు, రాసే కొలతలో ఉంది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. శనగగింజంత రాసుకుని పని చేయలేదంటారు. రెండు గంటలకోసారి, చెమట తుడిచినప్పుడల్లా మళ్లీ రాయాలి. శుభలేఖలు పంచడానికి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, మూసిన అద్దంలోంచి యూవీఏ వస్తూనే ఉంటుంది. ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా గొడుగు దానికి తోడు.

బ్యూటీ పార్లర్ సంగతులు తొందరగా చెప్పేస్తాను. బ్లీచ్ ముఖాన్ని తెల్లబరచదు, నూగుని మాత్రమే. ఆ వాసనకి ముక్కు మండుతోందంటే చర్మం సంగతి ఆలోచించండి. ఫేషియల్ అలవాటు లేనివాళ్లు పెళ్లికి ముందు రోజు మొదలుపెట్టొద్దు. మొటిమలకి రాసే రెటినాయిడ్ క్రీము వాడుతున్నవాళ్లకి వాక్సింగ్ చేస్తే తోలే ఊడొస్తుంది, ముందే చెప్పండి. అది వాడుతూ గర్భం ఆలోచన ఉన్నవాళ్లు డాక్టరుకి చెప్పాలి.

గోరింటాకు నలుపు రాదు, ఎర్ర నారింజ నుంచి గోధుమ రంగు దాకానే. గంటలో నల్లగా పండే కోన్‌లో తలకి వేసే డై రసాయనం పీపీడీ ఉండొచ్చు. దానికి చేతులు బొబ్బలెక్కడం, ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉండటం నేను చూసినవే. పెళ్లికొడుకు తండ్రులు జుట్టుకి రంగు వేసుకునేముందు చెవి వెనక చుక్క రాసి 48 గంటలు చూడండి.

ఏ కొత్త క్రీమైనా మోచేతి మడతలో వారం రోజులు రాసి చూడాలి. పెళ్లికి నెల లోపల సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్ తప్ప కొత్తదేదీ మొదలుపెట్టకండి, ఎంత మంచిదైనా సరే.

పెళ్లికి ఇరవై రోజులుందన్న ఆ అమ్మాయికి ఆ రోజు ఒక సన్‌స్క్రీన్, ఒక మాయిశ్చరైజర్ తీసి కౌంటరు మీద పెట్టాను. వీటితో తెల్లబడతానా అంది. ఇంకా నల్లబడవమ్మా అన్నాను. ధర చూసి "అమ్మనడిగి వస్తానండీ" అని వెళ్లింది. ఇంకా రాలేదు. రోడ్డు అవతల ఇంకో షాపుంది.