పోలింగ్ ఏజెంటు పాఠాలు – 5: ఛాలెంజ్ ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు

రెండు రూపాయలు కట్టి ఓటరును ఛాలెంజ్ చేయడం, అంటే ఇతను ఆ ఓటరు కాడని బూత్‌లో అభ్యంతరం చెప్పడం, పోయిన పాఠం. ఆ పాఠం అభ్యాసానికి మన ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి వచ్చిన జవాబుల్లో చాలావాటిలో ఒకే కారణం కనిపించింది: "ఇతనికి ఆంధ్రాలో, పార్వతీపురం వైపు కూడా ఓటుంది." ఈ మాటతో వేసిన ఛాలెంజ్ బూత్‌లో క్షణం నిలవదు. అందుకని 17సి ఫారం (పోలైన ఓట్ల లెక్క) పాఠం వచ్చేసారికి జరిపాను.

1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49జె మనకిచ్చిన హక్కు ఒక్కటే: ఎదుటి మనిషి జాబితాలోని ఫలానా ఓటరు కాడని చెప్పడం. మనిషి అతనే అయితే వయసు చాలదన్నా, ఊరు మారాడన్నా, అవతల కార్డుందన్నా బూత్‌కు పెద్ద అయిన ప్రిసైడింగ్ అధికారి ఆపడు. ఆపకూడదు కూడా.

రెండు చోట్ల పేరుండటం తప్పే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ దాన్ని ఒప్పుకోదు. కానీ దాని మందు జాబితాలోంచి పేరు తీయమని అడిగే ఫారం 7, అదీ ముందుగానే. నామినేషన్ల గడువు దాటితే జాబితాలోంచి పేరు తీయరు. నోటీసుకూ విచారణకూ రోజులు పడతాయి కాబట్టి ఎన్నికల ప్రకటన దాకా ఆగకండి. మీ నియోజకవర్గం జాబితా మీదే మీరు అభ్యంతరం చెప్పగలరు, అవతలి జాబితా మీద కాదు. తెలిసి తప్పుడు ప్రకటన చేస్తే అదే చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. ఒడిశా, ఆంధ్రా రెండూ తమవేనంటున్న కొటియా ఊళ్ళలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నవాళ్ళున్నారు. ఊరు ఊరంతా దొంగ ఓటర్లని ఫారాలు దస్తాగా నింపడం అన్యాయం. ఒక్కో మనిషి నివాసం విచారించి, ఒక్కో ఫారం రాయండి.

మరి పోలింగ్ రోజు? వేలు చూడండి. 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న ఆంధ్రాలోనూ మన కొరాపుట్, బరంపురం లోక్‌సభ స్థానాల్లోనూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. పొద్దున అక్కడ ఓటేసినవాడు మధ్యాహ్నం ఇక్కడికొస్తే ఎడమ చూపుడువేలి మీద సిరా ఉంటుంది. 49కె ప్రకారం గుర్తు ఉన్నా, వేలు చూపనన్నా ఓటు ఇవ్వరు. వరుస పెరిగితే రెండో పోలింగ్ అధికారి వేలు చూడకుండానే సిరా పూసేస్తాడు. అక్కడ మర్యాదగా, గట్టిగా అడగండి: "అయ్యా, వేలు చూసి పూయండి." నూనె రాసుకొస్తే గుడ్డతో తుడిచాకే పూయాలి. దీనికి రెండు రూపాయలు అక్కర్లేదు.

అసలైన మారువేషం ఓటుకే ఛాలెంజ్. మొదటి అధికారి పేరు చదవగానే నోరు విప్పాలి, సిరా పడ్డాక కాదు. నేనైతే జేబులో పది రెండ్రూపాయల బిళ్ళలు ఉంచుకోమంటాను. చిల్లర వెతికేలోపు మనిషి ముందుకెళ్ళిపోతాడు. ప్రిసైడింగ్ అధికారి అతన్ని శిక్ష గురించి హెచ్చరిస్తాడు, జాబితాలో అతని వివరాలు చదివి అడుగుతాడు, ఛాలెంజ్ ఓట్ల జాబితా అయిన ఫారం 14లో రాసి సంతకం తీసుకుంటాడు. ఆపైన సాక్ష్యం ముందు మీరే చూపాలి. "నాకు తెలుసు" అంటే కుదరదు. ఫోన్ లోపలికి రానివ్వరు, కాబట్టి అసలు ఓటరును ఎరిగిన పొరుగువాళ్ళే మీ సాక్ష్యం. అది నమ్మదగ్గదైతే అవతలి మనిషి తానే ఆ ఓటరునని రుజువు చేసుకోవాలి. చేసుకోలేకపోతే రాతపూర్వక ఫిర్యాదుతో పోలీసులకు అప్పగిస్తారు. ఛాలెంజ్ ఓడినా, దురుద్దేశం లేకుంటే మీ డబ్బు తిరిగొస్తుంది.

ఒడియా జాబితాలో వెంకటరావు "బెంకట" అయినంత మాత్రాన వేరే మనిషి కాడు. చిన్న అక్షర దోషాలను అధికారి పట్టించుకోడు, మీరూ వదిలేయండి.

అభ్యాసం: మీ బూత్ జాబితాలో ఊళ్ళో లేనివాళ్ళు, వలసపోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళ పేర్లన్నీ గుర్తించండి. ప్రతి పేరు పక్కన ఆ మనిషిని ఎరిగిన, అదే బూత్‌లో ఓటున్న ఇద్దరి క్రమసంఖ్యలు రాయండి. ఒక్కరే దొరికిన పేర్లను వేరే కాగితం మీద పెట్టి, ఆ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి రెండోవారిని అడిగి రండి.