నాటకాన్ని సినిమా చేస్తే ఎక్కడ బెడిసికొడుతుంది? ‘ఇన్సెండీస్’ చెప్పే రిపేర్లు

లెబనాన్‌లో పుట్టిన వజ్దీ మువావద్ ఫ్రెంచిలో రాసిన ‘ఇన్సెండీస్’ నాటకం 2003లో స్టేజీ ఎక్కింది. వెనక ఉన్నది లెబనాన్ అంతర్యుద్ధమే. కెనడాలోని క్యూబెక్‌కి చెందిన దర్శకుడు దెని విల్నవ్ 2010లో దాన్ని ఫ్రెంచి, అరబిక్ భాషల్లో సినిమా తీశాడు. ముగింపు జోలికి పోను, చూడనివాళ్లు ధైర్యంగా చదవొచ్చు.

సమస్య: డైలాగులు బాగున్నాయి, సీను మాత్రం ఉపన్యాసంలా సాగుతోంది.

కారణం: స్టేజీ మీద బస్సు తగలబెట్టలేం. అందుకే నాటకంలో కథానాయిక నవాల్ ఆ దారుణాన్ని నోటితో చెబుతుంది. కెమెరా ముందు అదే మాట్లాడిస్తే చూసేవాడికి పనేం మిగలదు.

పరిష్కారం: చెప్పిన దాన్ని చేయించండి. సినిమాలో క్రైస్తవురాలైన నవాల్ మెడలో శిలువ దాచేసి, తలకు గుడ్డ చుట్టుకుని ముస్లింల బస్సెక్కుతుంది. బస్సు ఆపిన సాయుధుల తుపాకుల మీద మేరీమాత బొమ్మలు. పెట్రోలు చల్లుతుండగా ఆ శిలువే బయటికి తీసి చూపించి బతుకుతుంది. పక్కనున్న పసిపిల్లను తన కూతురేనని చెప్పి లాక్కొస్తుంది కూడా. పిల్ల తల్లి కోసం వెనక్కి పరిగెడుతుంది. పేజీలకొద్దీ మాటలు చేసే పనిని ఒక శిలువ, ఒక పరుగు చేసేశాయి. అయితే ఇలాంటి సీను ఒక్కటే చాలు. ప్రతి సంభాషణనీ ఇలా మార్చబోతే యాక్షన్ సినిమా అయి కూర్చుంటుంది.

సమస్య: మనుషులు ఎక్కువై కథ ఎవరిదో తెలియట్లేదు.

కారణం: నాటకంలో నవాల్ పక్కన సవ్దా అనే స్నేహితురాలు ఉంటుంది, పాడేది ఆమె. నవాల్ కొడుకు సిమోన్ బాక్సర్. నవాల్ వీలునామా చదివే నోటరీ మాటలు తడబడుతూ నవ్విస్తాడు.

పరిష్కారం: సవ్దాను తీసేసి ఆ పాటను నవాల్‌కే ఇచ్చారు. బాక్సింగ్ పోయింది. నోటరీ హాస్యం కూడా పోయింది, అదొక్కటి నాకు వెలితిగానే అనిపిస్తుంది. అంత బరువైన కథకు కాస్త గాలి ఆడేది.

సమస్య: ఏ దేశమో చెప్పకూడదు, కానీ చూస్తే తెలిసిపోతోంది.

కారణం: నాటకంలో పేరు ఎత్తకపోతే సరిపోతుంది. కెమెరా మాత్రం షాపు బోర్డులు, నంబరు ప్లేట్లు, యూనిఫాంలు అన్నీ పట్టేస్తుంది.

పరిష్కారం: జోర్డాన్‌లో షూటింగ్ చేసి, దారెష్ లాంటి కల్పిత ఊళ్ల పేర్లను తెరమీద పెద్ద ఎర్ర అక్షరాల్లో వేశారు. యాస విషయంలో ఈ వెసులుబాటు లేదు. మొరాకో అరబిక్ వేరు, లెబనాన్ అరబిక్ వేరు. నటులు ఎక్కడివాళ్లయినా, యాస నేర్పే మనిషిని రిహార్సల్స్ నుంచే పెట్టుకోండి. డబ్బింగులో సర్దుదాం అనుకుంటే పెదాలే పట్టిస్తాయి.