అల్యూమినియం ఫాయిల్‌తో చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

ఫాయిల్‌కు చిల్లులు, ఆహారం మీద బూడిదరంగు మచ్చలు

రాత్రి స్టీలు గిన్నె మీద ఫాయిల్ బిగించి ఫ్రిజ్‌లో పెడతారు. పొద్దున తీస్తే ఆహారం తగిలిన చోటల్లా సూదిమొనంత చిల్లులు, సరిగ్గా వాటి కిందే మచ్చలు. చాలామంది ఫాయిల్ నాసిరకమని తిట్టుకుంటారు. తప్పు దానిది కాదు.

అల్యూమినియం మీద సహజంగానే సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. దానికి రక్ష అదే. టమాటా, నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపూ, ఉప్పూ ఆ పొరను తినేస్తాయి. పైగా ఫాయిల్ అంచు స్టీలును, మధ్యభాగం తడి ఆహారాన్ని తాకుతోంది. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీరు: అచ్చంగా బ్యాటరీ. ఆ జంటలో కరిగేది అల్యూమినియమే. ఇళ్లలో వాడే ఫాయిల్ మందం సాధారణంగా 10 నుంచి 20 మైక్రాన్లే కాబట్టి తెల్లారేసరికి చిల్లు పడిపోతుంది.

మచ్చలున్న మేర చెంచాతో తీసేయండి. అవి అల్యూమినియం లవణాలు. పొరపాటున కాస్త తిన్నా కంగారు పడక్కర్లేదు. రోజూ అదే పని చేయడం మాత్రం మంచిది కాదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2008లో పెట్టిన హద్దు, అన్ని ఆహారాలూ కలిపి వారానికి శరీర బరువులో కిలోకు 1 మిల్లీగ్రాము అల్యూమినియం. పుల్లటివి గాజు లేదా పింగాణీ గిన్నెలో మూతపెట్టి దాచండి. ఫాయిలే వాడాలంటే కింద బేకింగ్ పేపర్ పరవండి.

చుట్టిన రొట్టె మెత్తబడి చెమ్మగిల్లడం

వేడి రొట్టె నుంచి వచ్చే ఆవిరికి బయటికి దారి లేదు. లోపలే చల్లబడి నీళ్లై దిగుతుంది. పొగలు తగ్గాక చుట్టండి, లేదా ఓ మూల తెరిచి ఉంచండి.

ఫాయిల్‌లో కాల్చిన బంగాళదుంప గంటల తరబడి బయటే ఉండిపోయింది

ఇక్కడ పైకి కనిపించే లక్షణం ఏదీ ఉండదు. అందుకే ఇది అన్నిటికంటే ప్రమాదం. దుంప మీది బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఓవెన్ వేడికి చావవు. ఫాయిల్ గాలి ఆడనివ్వదు, లోపల తడి, గోరువెచ్చదనం ఉంటాయి. విషం తయారవడానికి ఇంకేం కావాలి? 1994లో అమెరికాలోని ఎల్‌పాసోలో ఇలా ఉంచేసిన దుంపలతో చేసిన డిప్ (నంజుకునే ముద్ద) వల్ల 30 మంది బొట్యులిజం, అంటే ఆ విషం వల్ల వచ్చే జబ్బు, బారిన పడ్డారు. వెంటనే తినకపోతే ఫాయిల్ విప్పేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎంతసేపు బయట ఉందో తెలియకపోతే పారేయండి, రుచి కూడా చూడొద్దు.

మైక్రోవేవ్‌లో నిప్పురవ్వలు

నలిగిన మడతల దగ్గర, మొనల దగ్గర విద్యుత్తు పోగై రవ్వలు లేస్తాయి. వెంటనే ఆపేయండి. యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఫలానా విధంగా వాడొచ్చని రాసి ఉంటే తప్ప లోపల ఫాయిల్ పెట్టకండి.

ఓవెన్ అడుగున పరిచిన ఫాయిల్ అతుక్కుపోయింది

వేడికి అది ఎనామిల్ పూతకు పట్టేస్తుంది, ఆ తర్వాత ఊడదు. పైగా వేడి తిరిగే దారికి అడ్డు. కారే నూనె కోసం కింది అరలో ఓ ట్రే పెడితే సరిపోతుంది.

మెరిసే వైపు లోపలికా, బయటికా?

ఎటైనా ఒకటే. చివరి విడతలో రెండు రేకుల్ని జంటగా రోలర్ల మధ్య నడుపుతారు. రోలరుకు తగిలిన వైపు మెరుస్తుంది, ఒకదానికొకటి తగిలిన వైపు మెరుపు లేకుండా కనిపిస్తుంది. నాన్‌స్టిక్ రకంలో మాత్రం పూత ఒకవైపే ఉంటుంది. అది ఎటువైపో పెట్టె మీద చూసి, ఆ వైపే ఆహారానికి తగిలేలా వాడండి.