లిఫ్ట్ కిట్ సొంతంగా వేసే ముందు

వానల్లోపు సకలేశపుర కొండలకు వెళ్లాలని పికప్‌కి లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను) తెప్పించిన బెంగళూరు మిత్రులకు:

– జాకీని నమ్మి బండి కింద దూరకండి. ఛాసిస్ కింద జాక్ స్టాండ్లు (బరువు మోసే ఇనుప కాళ్లు) ఉండాల్సిందే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ర్యాంపు వాలు మీద అసలొద్దు.

– స్ప్రింగును స్ప్రింగ్ కంప్రెసర్‌తో (నొక్కిపట్టే పనిముట్టు) బిగించకుండా స్ట్రట్ (ముందు చక్రం దగ్గర స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన మధ్య నట్టు విప్పొద్దు. నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఎగిరిందంటే దవడ పగులుతుంది. కంప్రెసర్ లేకపోతే ఆ ఒక్క పని జేసీ రోడ్డు వైపు మెకానిక్‌తో చేయించుకోండి, పరువేం పోదు.

– యాక్సిల్ కిందికి దించేముందు బ్రేక్ హోస్, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు జారకుండా చూసే ఏర్పాటు) వైరు క్లిప్పులు తీయండి. లాగుడుకి తెగుతాయి.

– వెనక కమాన్లకు కొత్త యూ-బోల్టులే. పాతవి సాగి ఉంటాయి, మళ్లీ బిగించినా పట్టు నిలవదు.

– సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌ల బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆనాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుంది.

– ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే చెప్పండి. లేదంటే క్లెయిమ్ రోజు పేచీ పెడతారు. బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి ఆర్టీవోలో కనుక్కోండి.

– పని కాగానే వీల్ అలైన్‌మెంట్. హెడ్‌లైట్ల వెలుగు కూడా కిందికి దించండి, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి.